తాయి పాటకు తలవంచిన పియానో

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో జమాఖర్చులు చూసుకుంటున్నవాణ్ణి. సరిగమలు వరసగా చెప్పమంటే చెప్పగలను గానీ, పాడమంటే మా ఇంట్లోవాళ్లే లేచి వెళ్లిపోతారు. అలాంటివాడు ఒక ఫ్రెంచి సంగీతకర్త గురించి మన పత్రికకు వ్యాసం రాయడమేమిటని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. అయినా రాయకుండా ఉండలేకపోయాను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి కీబోర్డు నేర్చుకుంటోంది. ఆ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కునుకు తీస్తున్నాను. వేలూరు ఎండల గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. అమ్మాయి పక్క గదిలో ఫోనులో ఏదో పాట పెట్టింది. పియానో మోగుతోంది. పాడుతున్నది ఎవరో తెల్లవాళ్ల అమ్మాయి అని గొంతును బట్టి తెలుస్తోంది. కానీ ఆ మాటలు ఇంగ్లీషు కావు. చెవి ఒగ్గి విన్నాను. తమిళం!

"ఏం పాటమ్మా అది?" అన్నాను లేచి కూర్చుని.

"నూరేళ్ల కిందటి ఫ్రెంచి పాట నాన్నా. మా మిస్సు వినమన్నారు. కోయంబత్తూరు తాయి అని ఒకామె ఉండేదంట. ఆమె రికార్డు విని రాసినాడంట."

నా నిద్ర ఎగిరిపోయింది. కోయంబత్తూరు తాయి! ఆ పేరు నేను విన్నది పుస్తకాల్లో కాదు. నలభై ఏళ్లకు పైగా అయింది, గుడియాత్తంలో మా అవ్వ నోట విన్నాను.

అవ్వ ఇంటి కుక్క బొమ్మ పెట్టె

మా అమ్మ పుట్టిల్లు గుడియాత్తం. తాతగారిది కైలీల వ్యాపారం. ఎండాకాలం సెలవులు ఇస్తే చాలు, వేలూరులో బస్సెక్కి అక్కడ వాలిపోయేవాళ్లం. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు, గంగమ్మ శిరస్సు జాతర, కౌండిన్య నది ఇసుకలో ఆటలు. అవ్వ ఇంటి నడవలో ఒక గ్రామఫోను పెట్టె ఉండేది. తాతగారి నాయన కొన్నదట. ఇత్తడి గొట్టం, పక్కన కీ తిప్పే పిడి. మేమంతా దాన్ని కుక్క బొమ్మ పెట్టె అనేవాళ్లం.

సాయంత్రం దీపం పెట్టాక అవ్వకు బుద్ధి పుడితే ఒక ప్లేటు పెట్టేది. ముందు బరబరా శబ్దం, ఆ తర్వాత ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఒక ఆడగొంతు. మాకేమో సినిమా పాటలు కావాలి. "ఇదేం పాటవ్వా, గీకినట్టుండాది" అంటే అవ్వ కసిరేది. "నోరు మూసుకొని ఇనురా అబ్బోడా. తాయి పాట ఇది. రాగం యాడ మొదలయిందో యాడ అయిపోయిందో తెలీనియ్యదురా ఈయమ్మ."

ఆ పెట్టె, ఆ ప్లేట్లు తర్వాత ఏమయ్యాయో చివర్లో చెబుతాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఎవరీ తాయి?

కోయంబత్తూరు తాయి అసలు పేరు పళనికుంజరం. 1872లో పుట్టారు. దేవదాసీ కుటుంబం. ముందు నాట్యం, తర్వాత గాత్రం నేర్చుకున్నారు. మద్రాసులో స్థిరపడి కచేరీలతో పేరు తెచ్చుకున్నారు. పెద్దపెద్ద విద్వాంసులు గ్రామఫోను ముందు పాడటానికి వెనకాడుతున్న ఆ రోజుల్లో ఈమె ధైర్యంగా పాడారు. తమిళ పాటలే కాదు, మన తెలుగు పదాలు, జావళీలు కూడా రికార్డు చేశారు.

ఆ కాలపు రికార్డింగు ఎంత కష్టమో ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు. మైకు లేదు. పెద్ద గొట్టం నోటికెదురుగా ముఖం పెట్టి గట్టిగా పాడాలి. ఒక పక్కకు మూడు నాలుగు నిమిషాలే చోటు. గంటసేపు సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించాలి. తప్పు పోతే దిద్దుకోవడం లేదు, మళ్లీ మొదటినుంచి పాడవలసిందే. మన దేశంలో గ్రామఫోను కంపెనీవాళ్లు మొదటిసారి పాటలు రికార్డు చేసింది 1902లో, కలకత్తాలో. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టేవరకు మన పాటల ప్లేట్లు జర్మనీలో అచ్చయి ఓడల మీద తిరిగి వచ్చేవి.

తాయి 1917లో, నలభై అయిదేళ్ల వయసుకే కన్నుమూశారు. ఆమె రికార్డు చేసినవాటిలో వళ్లలార్ రామలింగస్వామి రాసిన అరుట్పా ఒకటి ఉంది. వడలూరు జ్యోతి అంటే తెలియనివారు మన జిల్లాలో ఉండరు. ఆ స్వామి పాటే. దాన్ని ఆమె రాగమాలికగా పాడారు. అంటే ఒకే రాగంలో కాకుండా, ఒక పువ్వు పక్కన ఇంకో పువ్వు గుచ్చినట్టు ఒక రాగం తర్వాత ఇంకో రాగంలోకి మారుతూ పాడటం. ఆ పాట సముద్రం దాటి పారిస్ చేరింది.

గుమాస్తా సంగీతకర్త అయిన కథ

దాన్ని పట్టుకెళ్లిన పెద్దమనిషి పేరు మోరిస్ దెలాజ్. 1879లో పారిస్‌లో పుట్టారు. తండ్రి బూటు పాలిష్ వ్యాపారంలో బాగా గడించినవాడు. కొడుకు మాత్రం మొదట ఒక ఓడల ఏజెన్సీలో గుమాస్తాగా, ఆ తర్వాత బులోన్ అనే రేవు పట్నంలో చేపల వ్యాపారిగా పనిచేశాడట. ఈ ముక్క చదివినప్పుడే నాకు ఆయన మీద అభిమానం పుట్టింది. లెడ్జర్లు రాసినవాడు మనవాడే కదా!

చిన్నప్పుడు గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నది లేదు. ఇరవై ఏళ్లు దాటాక తనంత తానుగా చెల్లో వాయించడం నేర్చుకున్నారు. తర్వాత పియానో, అదీ చెవితో విని. 1902లో దెబుస్సీ రాసిన కొత్త ఆపెరా విని మైమరచిపోయి, విన్నదాన్ని విన్నట్టు పియానో మీద వాయించడానికి ప్రయత్నించేవారట. మన ఊళ్లలో సినిమా చూసొచ్చి హార్మోనియం మీద ఆ పాట వెతుక్కునే కుర్రవాళ్లు గుర్తుకు రావడం లేదూ?

ఆయనకు దొరికిన గురువు సామాన్యుడు కాదు. మోరిస్ రవెల్. ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచి సంగీతంలో దెబుస్సీ పేరు చెప్పగానే వెంటనే చెప్పే రెండో పేరు ఆయనదే. రవెల్, దెలాజ్, మరికొందరు కవులు, చిత్రకారులు కలిసి ఒక మిత్రబృందంగా ఉండేవారు. తమకు తాము పెట్టుకున్న పేరు 'అపాష్‌లు'. అప్పటి పారిస్ భాషలో రౌడీలని అర్థం. ఓతోయ్ అనే పేటలో దెలాజ్‌కు తోటలో ఒక చిన్న ఇల్లుండేది. ఇరుగుపొరుగుల బెడద లేదు గనక రాత్రి తెల్లవార్లూ వాయించుకోవచ్చు. అదే వాళ్ల రచ్చబండ. రవెల్ 1905 ప్రాంతంలో పియానో కోసం రాసిన 'అద్దాలు' అనే అయిదు రచనలను ఈ స్నేహితులకు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అంకితమిచ్చారు. వాటిలో 'గంటల లోయ' దెలాజ్‌ది.

శిష్యుడంటే గురువుకు ఎంత పట్టుదలో చూడండి. దెలాజ్ 'సముద్రం చెప్పిన కథ' అనే ఆర్కెస్ట్రా రచన చేస్తే పారిస్‌లోని ఒక పెద్ద సంగీత సంఘం దాన్ని తిప్పికొట్టింది. రవెల్‌కు ఒళ్లు మండింది. ఆ సంఘంతో తెగతెంపులు చేసుకుని, మిత్రులతో కలిసి స్వతంత్రంగా వేరే సంఘం పెట్టేశారు. మన సాంస్కృతిక సంఘాల్లో కూడా ఇలాంటి చీలికలు జరుగుతుంటాయి గానీ, కారణాలు ఇంత మంచివి కావు!

మద్రాసు పేరుతో ఒక పాట

1912 ప్రాంతంలో దెలాజ్ తల్లిదండ్రులతో కలిసి మన దేశానికి వచ్చారు. దానికి ముందే రూసెల్ అనే ఇంకో ఫ్రెంచి సంగీతకర్త ఎల్లోరా, జైపూరు, కాశీ చూసి వెళ్లి పెద్ద రచన చేశారు. తను చూసినదాన్ని తన సంగీతంలో చెప్పడం ఆయన పద్ధతి. దెలాజ్ పద్ధతి వేరు. చూడటంకంటే వినడం మీద ఆయనకు మక్కువ. ఇక్కడి గొంతులు, ఇక్కడి వాద్యాలు విన్నారు. గ్రామఫోను రికార్డులు సంపాదించారు. సితారు, సుర్‌బహార్ వాయించే ఇమ్దాద్‌ఖాన్ రికార్డు, మన తాయి రికార్డు వాటిలోవే.

ఆ యాత్ర ఫలంగా 'నాలుగు హిందూ పద్యాలు' అనే పాటలు పుట్టాయి. గాత్రంతో పాటు రెండు ఫ్లూట్లు, ఓబో, రెండు క్లారినెట్లు, నాలుగు తంత్రీవాద్యాలు, హార్ప్ ఉంటాయి. నాలుగింటికీ ఊళ్ల పేర్లే: మద్రాసు, లాహోరు, కాశీ, జైపూరు. వీటిలో మద్రాసు, జైపూరు పాటలకు సాహిత్యం ఎవరిదనుకున్నారు? భర్తృహరిది! మన ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ భర్తృహరే. మనం బళ్లో నీతి పద్యాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటే, ఆయన శృంగార పద్యాలు ఫ్రెంచిలో చదువుకుని వరసలు కట్టారు. లాహోరు పాటలో చెల్లో తీగలను మీటి జార్చే తీరు ఇమ్దాద్‌ఖాన్ వాద్యం విని నేర్చినది. అందులో గాయని కొంతసేపు మాటల్లేకుండా, నోరు మూసుకుని కూడా రాగం తీయాలి.

1914 జనవరి 14న రవెల్ వాళ్ల కొత్త సంఘం కచేరీలో ఈ పాటలు మొదటిసారి పాడారు. అదే రోజు కార్యక్రమంలో రవెల్ పాటలూ ఉన్నాయి, స్త్రావిన్‌స్కీ రాసిన జపాను పద్యాల పాటలూ ఉన్నాయి. అంతటి ఉద్దండుల మధ్య ఈ పాత గుమాస్తా నిలబడ్డాడు.

పియానోలో అట్టముక్క

ఇక అసలు విషయం. 1912, 14 మధ్యకాలంలో దెలాజ్ 'రాగమాలిక' అని ఒక రచన చేశారు. గాత్రానికి, పియానోకు. పేరు మనదే. సాహిత్యం తమిళమే. తాయి రికార్డులో పాడిన అరుట్పాను విని, ఆ వరసను వీలైనంత విన్నది విన్నట్టుగా రాసుకున్నారు. నేను ఆదివారం మధ్యాహ్నం విన్నది అదే.

ఇక్కడొక చిక్కు ఉంది. నాకు అర్థమైనంతలో చెబుతాను, తప్పుంటే తెలిసినవారు దిద్దండి. పియానోలో మీట నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి తీగ మీద కొడుతుంది. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య గోడ ఉంటుంది. మన సంగీతానికి ప్రాణమేమో గమకం. స్వరం మీద నిలబడక ఊగాలి, జారాలి. హార్మోనియానికీ ఇదే లోపం. ఆ కారణంగానే 1940లో రేడియోవాళ్లు హార్మోనియాన్ని నిషేధించారు. 1971 దాకా దానికి ఆకాశవాణి గడప తొక్కే యోగం లేకపోయింది.

మరి దెలాజ్ ఏం చేశారు? జారడం గాయని గొంతుకు వదిలేశారు. పియానోను శ్రుతికీ తాళానికీ పెట్టుకున్నారు. మృదంగం చప్పుడు కావాలి. పియానో కింది స్వరాల్లో ఒక తీగ దగ్గర అట్టముక్క పెట్టమని రాశారు. అంతే! గణగణమని మోగవలసిన తీగ నోరు నొక్కినట్టయి 'దుమ్, దుమ్' అని మన తాళవాద్యం మాదిరి పలుకుతుంది. మా అమ్మాయి ఆ చోటు వచ్చినప్పుడు నాకు ప్రత్యేకంగా వినిపించింది.

ఇలా తీగల్లో ఏదో ఒకటి పెట్టి పియానో గొంతు మార్చడాన్ని తర్వాత అమెరికాలో జాన్ కేజ్ అనే ఆయన 1940 ప్రాంతంలో పెద్ద పద్ధతిగా చేసి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. దానికి పాతికేళ్ల ముందే, ఒక దాక్షిణాత్య గాయని పాట కోసం, పేరు పెద్దగా వినపడని ఒక ఫ్రెంచివాడు ఆ పని చేసి ఊరుకున్నాడు.

నాకు మన ఫిడేలు గుర్తుకొచ్చింది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాళ్ల దగ్గర ఫిడేలు నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. నిలబడి భుజం మీద పెట్టుకునే వాద్యాన్ని మనవాళ్లు నేల మీద కూర్చోబెట్టి, గమకం పలికించి, మన ఇంటి బిడ్డను చేసుకున్నారు. వాద్యాన్ని పాటకు వంచారే గానీ పాటను వాద్యానికి వంచలేదు. దెలాజ్ చేసింది కూడా అదే. నిజానికి ఆ రోజులు తెల్లదొరలవి. వాళ్లు మన పాట విని 'బాగుంది, మన పద్ధతిలో సరిచేద్దాం' అనుకోవడమే మామూలు. ఈయన మాత్రం తన వాద్యంలో అట్టముక్క పెట్టుకున్నారు. తాయి పాట ముందు పియానోను తలవంచమన్నారు.

తాయి పోయిన అయిదేళ్లకు, 1922లో, ఇదే రాగమాలికను ఆర్కెస్ట్రాకు కూడా రాశారు. ఆ తర్వాత హైకూలకు వరసలు కట్టారు, పియానోకు మరికొన్ని రాశారు. మొత్తం మీద రాసింది తక్కువ. 1937లో రవెల్ చనిపోయేవరకు స్నేహం తప్పలేదు. 1961లో, 81 ఏళ్ల వయసులో దెలాజ్ పారిస్‌లోనే కన్నుమూశారు. జానెట్ బేకర్ వంటి పేరున్న గాయనులు ఆయన హిందూ పద్యాలను పాడి రికార్డు చేశారు. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఖాతాలో నిలవ కొద్దిగానే ఉంది, కానీ మురిగిపోలేదు.

నా ఖాతాలో లోటు

ఇప్పుడు సిగ్గుపడే విషయం. 1996లో అవ్వ పోయిన మరుసటి ఏడు గుడియాత్తం ఇల్లు అమ్మేశాం. సామాన్లు తేల్చే పని లెక్కలు తెలిసినవాణ్ణని నాకే అప్పగించారు. ఇత్తడి బిందెలు తూకం వేయించాను. గ్రామఫోను గొట్టం కూడా ఇత్తడే గనక తూకంలోకి వెళ్లింది. ప్లేట్లు మాత్రం పాత సామాన్లవాడు ముట్టుకోలేదు. "ఇవి కరగవు సార్, మాకొద్దు" అన్నాడు. "సరే, పడేయండి" అన్నాను. పిల్లలు వాటిని కౌండిన్య ఇసుకలోకి తీసుకెళ్లి, ఎవరిది ఎక్కువ దూరం పోతుందో అని విసురుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. నవ్వాను కూడా.

బంగారం మిల్లిగ్రాముల దాకా చూసి అప్పులిచ్చేవాణ్ణి, అవ్వ దాచుకున్న తాయి గొంతుకు సున్నా వెల కట్టాను. ఎక్కడో పారిస్ నుంచి వచ్చిన మనిషి అలాంటి ప్లేటునే గుండెలకు హత్తుకుని సముద్రం దాటించాడు.

మొన్న పొంగలు సెలవుల్లో అమ్మాయిని తీసుకుని గుడియాత్తం వెళ్లాను. మా పిన్ని ఒక్కతే ఇప్పుడు అక్కడుంది. ఎనభై దాటింది. ఎవరు వచ్చినా ఒకటి రెండు నిమిషాలు పోల్చుకోలేదు. కాఫీలు తాగాక ఫోనులో రాగమాలిక పెట్టి ఆమె చెవి దగ్గర ఉంచాను. కళ్లు మూసుకుని మొత్తం వినింది.

"ఎవురు రా ఈ పాప? బాగానే పాడతా ఉండాది. నాలికే తిరగలా" అంది. ఆ తర్వాత కాసేపు ఊరుకుని, "మాయమ్మ ఇట్ల గాదు పాడేది" అని, తొడ మీద తాళం వేసుకుంటూ ఎత్తుకుంది. అరుట్పా కాదు, తెలుగు జావళి. అవ్వ ఆ ప్లేట్లు విని విని నేర్చుకుని, వంటింట్లో పాడుతుంటే ఈమె విని నేర్చుకున్నదట. నన్ను పోల్చుకోవడానికి తడుముకున్న మనిషి ఒక్క మాట తప్పు పోకుండా మూడు చరణాలూ పాడింది. గొంతు వణికింది గానీ జారవలసిన చోట జారింది, నిలవవలసిన చోట నిలిచింది.

నేను నోరు తెరిచి చూస్తున్నాను. మా అమ్మాయి మాత్రం అప్పటికే ఫోను రికార్డులో పెట్టేసింది.

మిత్రులారా, మన వేలూరు, గుడియాత్తం, ఆంబూరు ఇళ్లలో ఇలాంటి పిన్నమ్మలు, అవ్వలు ఇంకా ఉన్నారు. పెళ్లి పాటలు, జోల పాటలు, జావళీలు వాళ్ల నోట్లోనే ఉన్నాయి. అటక మీద పాత ప్లేట్లుంటే దించి, తుడిచి, జాగ్రత్త చేయండి. ప్లేట్లు లేకపోతే పెద్దవాళ్ల పక్కన కూర్చుని పాడించుకోండి. దానికి సంగీతం రానక్కరలేదు. నాకూ రాదు. ఆ రోజు తిరుగు బస్సులో అమ్మాయి పిన్ని పాటను నాలుగుసార్లు పెట్టింది. వేలూరు దిగేసరికి పల్లవి నాకూ వచ్చేసింది. ఇంట్లో పాడితే ఈసారి ఎవరూ లేచి వెళ్లలేదు.